రక్తంలో కాల్షియం రిపోర్టు చదవడం ఎలా

‘కాల్షియం 9.2 ఉంది, నార్మలే కదా, మరి ఈ ఒళ్లునొప్పులేంటి?’ రిపోర్టు చేతికొచ్చాక చాలామందికి కలిగే సందేహం ఇది. నిజానికి రక్తంలోని కాల్షియం అంకెకూ ఎముకల బలానికీ నేరుగా సంబంధం లేదు. ఎముకలు గుల్లబారుతున్నా సరే, రక్తంలో ఆ అంకె కదలకుండా ఒళ్లు కాపాడుకుంటుంది. కాబట్టి అంకె బాగుందని ధీమా పడటమూ సరికాదు, కాస్త తగ్గిందని మాత్రలు కొనుక్కొచ్చి మింగడమూ సరికాదు. ఆ అంకెను నిలబెట్టడానికి ఒళ్లు ఎంత శ్రమ పడుతోందో రిపోర్టులోంచి తెలుసుకోవాలి. అది ఎలాగో ఇక్కడ వరసగా చూద్దాం.

ముందు కొలతలు

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం కాల్షియం సుమారు ఒక కిలో. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. కణాల బయట ఉండే ద్రవాలన్నీ కలిపి చూస్తే అక్కడున్నది ఒక గ్రాము. రక్తం వరకే లెక్కేస్తే గ్రాములో మూడో వంతు ఉంటుందేమో. గుండె కొట్టుకోవడం, కండరం బిగుసుకోవడం, నరాల్లో సంకేతం నడవడం, రక్తం గడ్డకట్టడం అన్నీ ఈ చిటికెడు మీదే ఆధారపడ్డాయి. అందుకే దీని విషయంలో ఒళ్లు రాజీ పడదు.

మన ల్యాబుల్లో రిపోర్టు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో వస్తుంది. పెద్దవాళ్లకు 8.5 నుంచి 10.5 వరకు నార్మల్. ల్యాబును బట్టి అటూ ఇటూ 0.2, 0.3 తేడా ఉంటుంది కాబట్టి మీ కాగితం మీద అచ్చయిన రేంజినే లెక్కలోకి తీసుకోండి. గల్ఫ్ నుంచో బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచో మనవాళ్లు పంపే రిపోర్టుల్లో 2.3 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడొద్దు. అది మిల్లీమోల్స్ లెక్క. 4తో గుణిస్తే మన అంకె వస్తుంది. అక్కడి నార్మల్ సుమారు 2.1 నుంచి 2.6.

ఎవరు నడిపిస్తారు, ఎంత వేగంగా

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు ఉంటాయి. వీటికి పేరు పారాథైరాయిడ్. పేరులో థైరాయిడ్ ఉన్నా దాని పనితో వీటికి పొత్తు లేదు. రక్తంలో కాల్షియం రవ్వంత తగ్గినా వీటి మీదున్న గ్రాహకాలు పసిగడతాయి, సెకన్లలో పీటీహెచ్ అనే హార్మోను వదులుతాయి. కాల్షియం పెరిగితే పీటీహెచ్ వదలడం తగ్గించేస్తాయి. రక్తంలో పీటీహెచ్ ఆయువు కొన్ని నిమిషాలే. అందువల్ల శాంపిల్ తీసిన క్షణంలో గ్రంథులు ఏం చేస్తున్నాయో ఈ పరీక్ష అచ్చంగా చూపిస్తుంది.

పీటీహెచ్ చేసే పనులు మూడు. అన్నిటికంటే త్వరగా స్పందించేది కిడ్నీ. రోజుకు సుమారు 10 గ్రాముల కాల్షియం కిడ్నీల్లో వడపోతకు వస్తుంది, 98 శాతం తిరిగి రక్తంలోకి పోతుంది, మూత్రంలో పోయేది 100 నుంచి 250 మిల్లీగ్రాములే. పీటీహెచ్ పెరిగితే ఆ కాస్త పోవడం కూడా తగ్గుతుంది. రెండోది ఎముక. అక్కడి కణాలకు కబురు పంపి ఎముకను కరిగించి కాల్షియం తీయిస్తుంది. మూడోది పేగు, ఇక్కడ మాత్రం నేరుగా కాదు. విటమిన్ డిని పని చేసే రూపంలోకి మార్చమని పీటీహెచ్ కిడ్నీకి చెబుతుంది. ఆ రూపం పేగుకు చేరి, తిన్నదాంట్లోంచి కాల్షియం ఎక్కువగా లాగిస్తుంది. ఈ మూడో దారి తెరుచుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఎముక కరిగితే కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా రక్తంలోకి వస్తుంది. అది అక్కడే ఉండిపోతే కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, చేసిన పని వృథా అవుతుంది. అందుకని పీటీహెచ్ ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి నెట్టిస్తుంది. రిపోర్టులో ఫాస్ఫరస్ (నార్మల్ 2.5 నుంచి 4.5) చూడమనేది అందుకే. కిడ్నీలు బాగున్న మనిషిలో అది తక్కువగా ఉంటే వెనక పీటీహెచ్ ఎక్కువగా పని చేస్తోందేమోనని అనుమానించాలి.

పాఠ్యపుస్తకాల్లో కాల్సిటోనిన్ అనే మరో హార్మోనుకు సరిసమానంగా చోటిస్తారు. మనుషుల్లో దాని పాత్ర చాలా చిన్నది. థైరాయిడ్ మొత్తం తీసేస్తే కాల్సిటోనిన్ దాదాపు పోయినట్టే, అయినా అందువల్ల కాల్షియం పెరగదు. రిపోర్టు చదివేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

పేగు దారి తెరుచుకోవడానికి పట్టే ఆ ఒకటి రెండు రోజుల ఆలస్యం ఎంత పని చేస్తుందో పాడి రైతులకు బాగా తెలుసు. ఈనిన ఆవు, గేదె ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి కూలబడి, మెడ పక్కకు వాల్చి, చెవులు చల్లబడిపోయే పాలజ్వరం ఇదే. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్లు చల్లబడుతుంది. జున్నుపాలలోకి ఒక్కసారిగా పోయే కాల్షియం రక్తంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు. పేగు, ఎముక అందుకునేలోపే అంకె పడిపోతుంది. ఇంకో మెలిక ఉంది. ఈనడానికి ముందు నెలలో కాల్షియం ఎక్కువ పెడితే మంచిదనుకుంటారు, కానీ అప్పుడు పారాథైరాయిడ్ పనిలేక మందగించి ఈనిన రోజుకు తయారుగా ఉండదు. ఎముకల నిండా కాల్షియం ఉన్నా, దాన్ని సమయానికి బయటికి తీసే ఏర్పాటు నిద్రలో ఉంటే పశువు లేవలేదు.

శాంపిల్ ఇచ్చేటప్పుడు

సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా ఉదయం ఇవ్వండి, నీళ్లు తాగొచ్చు. ఆ పూట కాల్షియం మాత్ర శాంపిల్ ఇచ్చాకే వేసుకోండి. జుట్టుకు, గోళ్లకు అని వాడే బయోటిన్ మాత్రలు ఉంటే డాక్టరుకు చెప్పి రెండు మూడు రోజుల ముందే ఆపండి. చాలా ల్యాబు పద్ధతుల్లో బయోటిన్ పీటీహెచ్‌ను తక్కువగా చూపిస్తుంది.

చేతికి పట్టీ బిగించి నరం దొరక్క చాలాసేపు వెతికితే అక్కడి రక్తం చిక్కబడి కాల్షియం ఎక్కువగా కనిపిస్తుంది. 10.7, 10.8 లాంటి అంచు అంకె వస్తే ముందు చేయాల్సింది స్కానింగ్ కాదు, పట్టీ వదులు చేయించి మళ్లీ శాంపిల్ ఇవ్వడం.

కాల్షియం 4, పొటాషియం 9 అని రిపోర్టు వచ్చి మనిషి మాత్రం నిక్షేపంగా కూర్చుని ఉంటే, ఊదారంగు మూత ట్యూబులోని ద్రవం కలిసిందని అర్థం. అందులోని ఈడీటీఏ అనే రసాయనం కాల్షియాన్ని పట్టేస్తుంది, పొటాషియాన్ని కలుపుతుంది. షుగరు పరీక్షకు వాడే బూడిదరంగు మూత ట్యూబుతోనూ ఇలాంటి చిక్కే. ముందు ఊదారంగు ట్యూబు నింపి తర్వాత కాల్షియం ట్యూబు నింపితే సూది ద్వారా కూడా ఇది జరగొచ్చు.

ఒకే సూదికి అడగాల్సినవి: కాల్షియం, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), ఫాస్ఫరస్, మెగ్నీషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకలో మార్పుల జోరు చూపేది), 25-హైడ్రాక్సీ విటమిన్ డి (ఒంట్లోని డి నిల్వ చెప్పేది), పీటీహెచ్. ఖర్చు భారమైతే మొదటి విడత కాల్షియం, అల్బుమిన్, ఫాస్ఫరస్, క్రియాటినిన్ చేయించి, తేడా ఉంటే మిగతావి చేయించండి. కానీ పీటీహెచ్ చేయించిన రోజున కాల్షియం కూడా అదే శాంపిల్‌లో ఉండి తీరాలి. నిరుటి కాల్షియాన్ని ఇవాళ్టి పీటీహెచ్‌తో జతచేసి చదివితే అర్థం తలకిందులవుతుంది.

అల్బుమిన్‌తో సరిచేయడం

రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం స్వేచ్ఛగా తిరుగుతుంది, పని చేసేది అదే. 40 శాతం వరకు అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని ఉంటుంది. మామూలు పరీక్ష రెండిటినీ కలిపి కొలుస్తుంది. కాబట్టి అల్బుమిన్ తగ్గితే, పనిచేసే కాల్షియం బాగానే ఉన్నా, మొత్తం తక్కువగా కనిపిస్తుంది.

లెక్క సులువే. 4లోంచి మీ అల్బుమిన్ తీసేయండి. వచ్చినదాన్ని 0.8తో గుణించి మీ కాల్షియానికి కలపండి.

లివరు జబ్బున్న మనిషికి కాల్షియం 8.0, అల్బుమిన్ 2.8 వచ్చిందనుకుందాం. 4 లోంచి 2.8 పోతే 1.2. దాన్ని 0.8తో గుణిస్తే 0.96. కలిపితే 8.96. అంటే కాల్షియం లోటు లేదు, మాత్రలు అక్కర్లేదు. ఇంకో మనిషికి కాల్షియం 10.4, అల్బుమిన్ 3.0. కాగితం మీద రెండోది తప్ప తేడా కనపడదు. సరిచేస్తే 11.2. ఇది కచ్చితంగా ఎక్కువ, వదిలేయకూడదు. మొదటి పొరపాటు వల్ల నాలుగు మాత్రలు దండగవుతాయి, రెండో దాంట్లో జబ్బే కళ్లుగప్పి పోతుంది.

ఈ లెక్క అంచనా మాత్రమే. ఐసీయూలో ఉన్నవాళ్లకు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు సరిగా కుదరదు. వాళ్లకు అయనైజ్డ్ కాల్షియం, అంటే స్వేచ్ఛగా తిరిగే కాల్షియం, నేరుగా కొలవాలి. నార్మల్ 4.5 నుంచి 5.3, మిల్లీమోల్స్‌లో 1.12 నుంచి 1.32. ఈ శాంపిల్‌కు గాలి తగలకూడదు, వెంటనే మిషనులో పెట్టాలి. ఊరి కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చి సాయంత్రం సిటీకి పంపే శాంపిల్‌తో ఆ పరీక్ష చేయించకపోవడమే మేలు.

భయంతోనో ఏడుపుతోనో గబగబా ఊపిరి తీసేవాళ్లకు మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు వస్తాయి. ఊపిరి వేగం వల్ల రక్తంలో క్షారగుణం పెరిగి, స్వేచ్ఛగా ఉన్న కాల్షియం కొంత అల్బుమిన్‌కు అంటుకుంటుంది. మొత్తం కాల్షియం నార్మలే వస్తుంది. నెమ్మదిగా ఊపిరి తీయిస్తే సర్దుకుంటుంది.

పీటీహెచ్‌ను కాల్షియంతో జతచేసి చదవడం

పీటీహెచ్ మామూలుగా మిల్లీలీటరుకు 15 నుంచి 65 పికోగ్రాముల మధ్య ఉంటుంది. దాన్ని విడిగా ‘నార్మల్’ అనడం కుదరదు. కాల్షియం ఎక్కువుంటే అది తగ్గాలి, తక్కువుంటే పెరగాలి. అలా ఉందా లేదా అన్నదే చూడండి.

కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ కూడా ఎక్కువ. ఈ రెండూ కలిసి పెరగకూడదు. కాల్షియం 11.2 ఉండగా పీటీహెచ్ 50 ఉంటే ల్యాబు దానికి నల్లసిరాతో నార్మల్ అనే అచ్చేస్తుంది, కానీ అక్కడ ఉండాల్సింది 15 కంటే తక్కువ. చాలాసార్లు కారణం నాలుగు గ్రంథుల్లో ఒకటి ఉబ్బి తన ఇష్టానికి పని చేయడం. సాధారణంగా కేన్సర్ కాని గడ్డే. కిడ్నీలో పదేపదే రాళ్లు పడేవాళ్లలో, వయసుకు ముందే ఎముక విరిగినవాళ్లలో దీన్ని వెతకాలి. ఆపరేషన్‌కు ముందు 24 గంటల మూత్రంలో కాల్షియం కొలిపించడం తప్పనిసరి. మూత్రంలో చాలా తక్కువ పోతుంటే అది పుట్టుకతో కుటుంబంలో వచ్చే వేరే స్థితి కావచ్చు, దానికి ఆపరేషన్ పనికిరాదు. మెడ స్కానింగులు జబ్బు ఉందో లేదో తేల్చడానికి కాదు, ఏ వైపు గ్రంథి ఉబ్బిందో సర్జనుకు చూపించడానికి. స్కానులో ఏమీ కనపడలేదని జబ్బు లేదనుకోవద్దు.

కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ అడుగంటింది. గ్రంథులు సరిగ్గానే చేతులు ముడుచుకున్నాయి, కాల్షియం వేరే దారిన వస్తోంది. మొదట అడగాల్సింది విటమిన్ డి ఇంజెక్షన్లు, పొడి ప్యాకెట్ల గురించి. తర్వాత టీబీ, దానిలాగే ఒంట్లో చిన్న గడ్డలు కట్టే సార్కాయిడోసిస్ అనే జబ్బు చూడాలి. ఆ గడ్డల్లోని కణాలు కిడ్నీ అనుమతి లేకుండానే విటమిన్ డిని క్రియాశీలం చేసేస్తాయి. కేన్సర్లనూ తోసిపుచ్చాలి. వారాల్లోనే అంకె ఎగబాకుతుంటే ఆలస్యం చేయొద్దు.

కాల్షియం తక్కువ, పీటీహెచ్ ఎక్కువ. గ్రంథులు గట్టిగానే పని చేస్తున్నాయి, సరుకు అందడం లేదు. విటమిన్ డి లోటు గానీ కిడ్నీ జబ్బు గానీ అయివుంటుంది. ఫాస్ఫరస్ తేల్చేస్తుంది. డి లోటులో అది తక్కువ వైపు, కిడ్నీ పాడైతే ఎక్కువ వైపు ఉంటుంది.

కాల్షియం తక్కువ, పీటీహెచ్ తక్కువ లేదా ‘నార్మల్’. గ్రంథులే పలకడం లేదు. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లలో ఇది తరచుగా చూస్తాం. ఆపరేషన్‌లో ఆ బియ్యపు గింజలకు రక్తం అందకపోవడమో, అవి కూడా బయటికి వచ్చేయడమో జరుగుతుంది. మొదటి ఒకటి నుంచి మూడు రోజుల్లో అంకె పడిపోతుంది. ఆపరేషన్ కాకుండా ఇలా ఉంటే మెగ్నీషియం చూడండి, నార్మల్ సుమారు 1.7 నుంచి 2.2. మెగ్నీషియం బాగా తగ్గితే గ్రంథి పీటీహెచ్‌ను వదలలేదు, వదిలినా ఎముక, కిడ్నీ దాని మాట వినవు. అప్పుడు ఎన్ని కాల్షియం సీసాలు ఎక్కించినా అంకె నిలవదు. మెగ్నీషియం ఇచ్చాకే దారికొస్తుంది. ఎడతెగని విరేచనాలు, రోజూ మద్యం, ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు దీనికి ముఖ్య కారణాలు.

కాల్షియం నార్మల్, పీటీహెచ్ ఎక్కువ. మొదట్లో అడిగిన ఒళ్లునొప్పుల ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇక్కడుంటుంది. కాల్షియం 9.1, పీటీహెచ్ 112, విటమిన్ డి 9, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ అనుకుందాం. కాల్షియం అంకె ఒక్కటే చూస్తే ఏ లోటూ లేదు. కానీ పేగు నుంచి రావాల్సింది రాక, పీటీహెచ్ రెట్టింపై, రోజూ ఎముకను కరిగించి ఆ 9.1ని నిలబెడుతోంది. దీనికి మందు విటమిన్ డి, తిండిలో సరిపడా కాల్షియం. సరిదిద్దిన వెంటనే పీటీహెచ్ దిగదు, నెలలు పట్టొచ్చు. మూడు నెలలకు ముందు మళ్లీ కొలిపించడం దండగ. ఎముక ఎంత పోయిందో తెలియాలంటే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయాల్సిందే, రక్తపరీక్షతో తేలదు.

ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో ఇదే కథ ఇంకా ఘోరంగా నడిచింది. మనదేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. 1970 దశకంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన కుర్రవాళ్లను పరిశీలించి, వాళ్లలో పీటీహెచ్ పెరిగి ఉందని చెప్పారు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక తేలిగ్గా కరగదు, అందులోంచి కాల్షియం లాగడానికి గ్రంథులు మరింత కష్టపడాలి. తిండిలో కాల్షియం తక్కువైనవాళ్ల మీద ఆ దెబ్బ ఎక్కువ.

విటమిన్ డి, ఆ 60,000 ప్యాకెట్లు

లోటు తెలుసుకోవడానికి చేయించాల్సింది 25-హైడ్రాక్సీ పరీక్షే. పని చేసే రూపాన్ని కొలిచే, దీనికంటే ఖరీదైన 1,25 పరీక్ష ఇందుకు పనికిరాదు. లోటు ఉన్నప్పుడు పీటీహెచ్ తోసుకొచ్చి దాన్ని నార్మల్‌గానో ఎక్కువగానో చూపిస్తుంది. 25-హైడ్రాక్సీ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువైతే లోటు, 20 నుంచి 30 చాలీచాలనిది, 100 దాటితే జాగ్రత్త పడాలి, 150 దాటితే విషం.

లోటున్న పెద్దవాళ్లకు మామూలుగా వారానికి ఒక 60,000 యూనిట్ల ప్యాకెట్టు చొప్పున 8 వారాలు రాస్తారు, తర్వాత నెలకొకటి గానీ రోజుకు 1000, 2000 యూనిట్లు గానీ. కొవ్వున్న భోజనం తర్వాత, పాలలో కలుపుకుని తాగితే బాగా ఒంటబడుతుంది. ప్రమాదం చీటీ చదవడంలో ఉంది. ‘వారానికి’ అన్న మాట చూడక రోజూ ఒకటి తాగేస్తారు. లేదా మెడికల్ షాపులో పాత చీటీ చూపించి కోర్సు మీద కోర్సు కొంటారు. 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒకచోట వేయించుకుని, ఆ సంగతి చెప్పకుండా ఇంకోచోట మళ్లీ వేయించుకునేవాళ్లూ ఉన్నారు. విటమిన్ డి కొవ్వులో నిల్వ ఉంటుంది, ఆపినా వారాల నుంచి నెలల వరకు కాల్షియం దిగదు, ఈలోగా కిడ్నీ దెబ్బతింటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ప్యాకెట్లు ఇస్తుంటే ఆదివారం అనో గురువారం అనో ఒక రోజు ఖాయం చేసి క్యాలెండరు మీద గీత పెట్టండి.

ఎండ సంగతికొస్తే, పొద్దున్న ఏడింటి లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ అందులో విటమిన్ డి తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. తిరుపతి ప్రాంతంలో చేసిన కొలతల్లోనూ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే ఎక్కువ తయారవుతుందని తేలింది. గుర్తు పెట్టుకోవడానికి తేలికైన కొలమానం మీ నీడ. అది మీకంటే పొట్టిగా ఉన్నప్పటి ఎండే పనికొస్తుంది. చేతులు, కాళ్లు, ముఖం తగిలేలా వారంలో కొన్ని రోజులు 20, 30 నిమిషాలు నిలబడండి. అద్దం కిటికీ వెనక కూర్చుంటే లాభం లేదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. నల్లటి ఒంటికి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి. మే నెలలో మిట్టమధ్యాహ్నం మాత్రం ఈ ప్రయోగం వద్దు, వడదెబ్బ ముందు తగులుతుంది.

తిండి, మాత్రలు

జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు అంది. అంతకుముందు 600 ఉండేది. పాలిచ్చే తల్లులకు, ముట్లుడిగిన స్త్రీలకు 1200.

అన్నం, పప్పు, చారులో కాల్షియం తక్కువ. అవెంత తిన్నా వెయ్యికి చేరలేం. పాలు, పెరుగు కలిపి రెండు గ్లాసులకు సుమారు 480. అరవై గ్రాముల రాగిపిండికి 210. చెంచాడు నువ్వులకు, అంటే 10 గ్రాములకు, 120. మునగాకో తోటకూరో వేసిన కూరకు 100, 150. ఇలా అయితే వెయ్యి దగ్గరికి వస్తుంది. రాగులు నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టి పట్టించినా, అంబలిగా పులియబెట్టినా కాల్షియాన్ని అడ్డుకునే ఫైటేట్లు తగ్గుతాయి. ముళ్లతో సహా తినే నెత్తళ్లు మంచివి. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టేస్తాయి, పేగుకు అందేది చాలా కొంచెం. నీళ్ల మజ్జిగ గ్లాసును పాల గ్లాసుతో సమానంగా లెక్కేయకండి. పాయా తాగితే ఎముక గట్టిపడుతుందన్నది ఉత్తమాట, గంటలకొద్దీ మరిగించినా పులుసులోకి దిగే కాల్షియం చాలా తక్కువ. రుచి కోసం తాగండి.

కిడ్నీలో రాళ్లు పడ్డాయని పాలు, పెరుగు మానేసేవాళ్లు చాలామంది. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్లను పట్టి మలంలోకి పంపేస్తుంది. అది మానేస్తే ఆక్సలేట్లు మూత్రంలోకి చేరి రాళ్లు పెరిగే అవకాశమే ఎక్కువ. తగ్గించాల్సింది ఉప్పు. రక్తంలో కాల్షియం, పీటీహెచ్ ఒక్కసారైనా చేయించుకోవాలి.

మాత్ర పెట్టె మీద ‘కాల్షియం కార్బొనేట్ 1250’ అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. కార్బొనేట్‌లో 40 శాతం, సిట్రేట్‌లో 21 శాతం కాల్షియం ఉంటుంది. కార్బొనేట్‌కు కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి భోజనంతో వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు సిట్రేట్ మేలు, దాన్ని ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఒక్కసారికి 500 మించి వేసుకుంటే పేగు తీసుకునే శాతం తగ్గిపోతుంది, అందుకే ఉదయం ఒకటి రాత్రి ఒకటి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ 4 గంటలు, ఐరన్ మాత్రకూ దీనికీ కనీసం 2 గంటలు ఎడం ఉండాలి. గర్భిణులకు ప్రభుత్వం 14వ వారం నుంచి కాన్పయ్యాక 6 నెలల వరకు ఇచ్చే రోజుకు రెండు కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్ర ఒకే గుక్కలో మింగితే ఐరన్ దండగే. డయాలిసిస్ మీదున్నవాళ్లకు ఇదే కార్బొనేట్‌ను తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టడానికి రాస్తారు, వాళ్లు అన్నం మధ్యలో వేసుకోకపోతే పని జరగదు.

అంకెను కదిపే మందులు

బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ మూత్రంలో కాల్షియం పోనివ్వవు, కొందరిలో అంకె పెరుగుతుంది. మానసిక జబ్బులకు వాడే లిథియం కూడా పెంచుతుంది. ఒంట్లో చేరిన నీరు తీయడానికి వాడే ఫ్యురోసెమైడ్ తగ్గిస్తుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ విటమిన్ డిని ఖర్చు చేసేస్తుంది. ఎముకలకు ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రానిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఎముక కరగడాన్ని ఆపేస్తాయి. విటమిన్ డి లోటు సరిచేయకుండా ఇవి వేస్తే అప్పటిదాకా ఎముక నుంచి నెట్టుకొస్తున్న అంకె ఢామ్మని పడిపోతుంది. ఇంజెక్షన్‌కు ముందు కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ చూశారా అని అడిగి వేయించుకోండి. రోజంతా తాంబూలం నమిలేవాళ్లలో ఆ సున్నం కూడా కాల్షియమే. మోతాదు మించి, పైగా కాల్షియం మాత్రలు కూడా తోడైతే రక్తంలో కాల్షియం, క్షారం రెండూ పెరిగి కిడ్నీ దెబ్బతినే స్థితి వస్తుంది.

ఆసుపత్రికి పరిగెత్తాల్సింది ఎప్పుడు

తగ్గినప్పుడు మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లతో మొదలవుతుంది. తర్వాత చేతులు కొంకర్లు పోతాయి. బొటనవేలు అరచేతిలోకి మడుచుకుని మిగతా వేళ్లు నిటారుగా దగ్గరికి చేరతాయి. బీపీ చూస్తున్నప్పుడు పట్టీ బిగిసి ఉన్న రెండు మూడు నిమిషాల్లో చెయ్యి ఇలా అయితే అది గట్టి గుర్తు. గొంతు బిగుసుకోవడం, ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా వెళ్లొచ్చు. థైరాయిడ్ ఆపరేషన్ అయిన వారంలో తిమ్మిర్లు మొదలైతే తెల్లారేదాకా ఆగొద్దు. ఆసుపత్రిలో కాల్షియం గ్లూకోనేట్‌ను ఈసీజీ చూస్తూ పది నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. గబగబా నెడితే గుండె మీద పడుతుంది, కాబట్టి ఇంటి దగ్గర ఎవరిచేతా వేయించుకోవద్దు.

పెరిగినప్పుడు గోల ఉండదు. దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వికారం, నీరసం, ఆపైన మాట తడబడటం, మగత. పెద్దవయసువాళ్లలో ఇదంతా షుగరో వయసో అనుకుని వదిలేస్తారు. 12 దాటి ఈ లక్షణాలుంటే అదే రోజు చూపించాలి, 14 చేరితే అత్యవసరం. మొదటి వైద్యం సెలైన్, ఎందుకంటే అప్పటికే ఒళ్లు ఎండిపోయి ఉంటుంది. కాల్షియం, విటమిన్ డి మాత్రలన్నీ ఆ క్షణమే ఆపేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, విటమిన్లు, ఆయుర్వేద భస్మాలతో సహా ఒక సంచిలో వేసుకెళ్లండి. భస్మాల్లో కొన్ని శంఖం, ముత్యపుచిప్పలతో చేసినవి, అంటే అవీ కాల్షియమే. పాత రిపోర్టులు కూడా వెతికి పట్టుకెళ్లండి. అయిదేళ్ల కిందటి హెల్త్ చెకప్ కాగితంలోనూ కాల్షియం 10.9 ఉంటే, ఇప్పుడున్న 11.1కి పారాథైరాయిడ్‌నే మొదట అనుమానించొచ్చు. నిరుడు 9.4 ఉండి ఇప్పుడు 12.5 అయితే వెతకాల్సిన చోటు వేరు, వెతకాల్సిన వేగమూ వేరు.